దాయాదుల వేగం తగువు: యునిక్స్ కుటుంబంలో కొలతలు, వాదాలు, తేలని లెక్కలు

ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి లినక్స్ తప్ప మరో ఆపరేటింగ్ సిస్టమ్ కనిపించదు. వేగం విషయంలో తగువు దీంతోనే తీరిపోయిందనేవాళ్లున్నారు. 2021లో నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు ఒకే ఒక్క సర్వరు నుంచి సెకనుకు 400 గిగాబిట్ల వీడియోను, అదీ ఎన్‌క్రిప్ట్ చేసి, పంపించే స్థాయికి చేరారు. ఆ సర్వరులో నడిచేది ఫ్రీబీఎస్‌డీ. తీర్పు తమవైపే వచ్చిందని దీన్ని చూపించేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజాలే. కానీ సూపర్ కంప్యూటర్‌లో లెక్కలు సాగుతున్నంతసేపూ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ వీలైనంత పక్కకు తప్పుకునే ఉంటుంది. అక్కడ లినక్స్‌ని నిలబెట్టినవాటిలో డ్రైవర్లు, లైబ్రరీలు, తెలిసిన మనుషులు దొరకడం కూడా ఉన్నాయి. నెట్‌ఫ్లిక్స్ వీడియో సర్వరు చేసేది ఒకే ఒక్క పని, దానికోసం కెర్నెల్‌ను ఏళ్ల తరబడి చెక్కుతూ వచ్చారు. ఈ రెండు ఉదాహరణలను ఎదురెదురుగా నిలబెట్టి ఎవరు గెలిచారని అడిగితే జవాబు రాదు.

యునిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దాని నుంచి నేరుగా దిగిన బీఎస్‌డీ (బర్క్‌లీ యునిక్స్) శాఖ, వాణిజ్య శాఖల్లో పేరు తెచ్చుకున్న సొలారిస్, పాత కోడు వాడుకోకుండా 1991లో విడిగా మొదలైన లినక్స్, ఇవన్నీ ప్రోగ్రాములకు ఇంచుమించు ఒకే ముఖం చూపిస్తాయి. అందుకే ఒకే ప్రోగ్రామును అన్నింటిలోనూ కంపైల్ చేసి, ఎంతసేపు పట్టిందో చూసేయొచ్చు. పోలిక ఇంత సులువుగా ఉండటం వల్లే ఈ చర్చ ఇంతగా చిక్కుపడింది. నాలుగు దశాబ్దాలుగా పోగైన అంకెలకు కొరత లేదు. ఆ అంకెలు దేన్ని కొలిచాయన్న దగ్గరే పేచీ.

వ్యాక్స్ మీద మొదలైన పోటీ

1980లో ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థకు చెందిన డేవిడ్ కష్టన్ వ్యాక్స్ యంత్రం మీద బర్క్‌లీ యునిక్స్‌ను, డెక్ కంపెనీ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్‌తో పోల్చి చూశారు. చాలా పరీక్షల్లో యునిక్స్ వెనకబడింది. బర్క్‌లీలో బిల్ జాయ్ ఆ ఫలితాలను పట్టుకుని కెర్నెల్‌లో ఎక్కడెక్కడ సమయం వృథా అవుతోందో వెతికి సరిచేశారు. కష్టన్ వాడిన పరీక్షల్లోనే యునిక్స్ కూడా వీఎంఎస్‌కు దీటుగా నిలవగలదని కొద్ది వారాల్లోనే చూపించారు. ఆ మార్పులు 1981 జూన్‌లో వచ్చిన 4.1 బీఎస్‌డీలో చేరాయి.

ఈ ఉదంతం తర్వాతి చరిత్రంతటికీ నమూనా. బయటివాళ్లు ఒక లోపాన్ని అంకెల్లో చూపిస్తారు, లోపలివాళ్లకు కోపం వస్తుంది, ఆ కోపం కోడుగా మారుతుంది, అంకె పాతబడిపోతుంది. ఫైల్ సిస్టమ్‌లోనూ ఇదే జరిగింది. పాత యునిక్స్ ఫైల్ సిస్టమ్ డిస్కు ఇవ్వగలిగిన వేగంలో 2 నుంచి 4 శాతం మాత్రమే వాడుకోగలిగేది. మెకుసిక్ బృందం బర్క్‌లీలో రూపొందించిన ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ దాన్ని 47 శాతం దాకా తీసుకెళ్లింది. తన పాత కోడుతో పోల్చుకుని ఇన్ని రెట్లు మెరుగైన సందర్భాలు యునిక్స్ చరిత్రలో ఎక్కువ లేవు.

1992లో యునిక్స్ హక్కుదారులు బీఎస్‌డీ వర్గంపై వేసిన దావా 1994లో రాజీతో ముగిసింది. ఆ మధ్యకాలంలోనే లినక్స్ వేళ్లూనుకుంది. 1993లో నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ, 1995లో ఓపెన్‌బీఎస్‌డీ రంగంలోకి దిగాయి. ఒకే ఇంటెల్ పెట్టెలో అందరినీ నడిపి చూడగల రోజులు వచ్చేశాయి.

1996: ఒకే పెట్టె, మూడు వ్యవస్థలు

ఈ చర్చలో నేటికీ అందరూ చదవాల్సిన పత్రం స్టాన్‌ఫర్డ్‌కు చెందిన కెవిన్ లై, మేరీ బేకర్ 1996లో యూజ్‌నిక్స్ సదస్సుకు సమర్పించినది. పెంటియం యంత్రం మీద లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్‌లను ఏ సెట్టింగూ మార్చకుండా, వచ్చినవి వచ్చినట్టే పరీక్షించారు. చిన్న ఫైళ్ల పనిలో లినక్స్ మిగతావాటికన్నా పది రెట్లు వేగంగా నడిచింది. నెట్‌వర్క్ పనిలో ఫ్రీబీఎస్‌డీ లినక్స్ కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ డేటా పంపింది. సొలారిస్ చాలాచోట్ల రెండింటికీ మధ్యన నిలిచింది.

ఆ పది రెట్ల తేడా ఎక్కడిదో దగ్గరగా చూద్దాం. కొత్త ఫైలు తయారు చేయాలంటే కెర్నెల్ రెండు చోట్ల రాయాలి: ఫైలు వివరాలుండే ఐనోడ్‌లో, దాని పేరుండే డైరెక్టరీలో. అప్పటి ఫ్రీబీఎస్‌డీ ఈ రెండు రాతలూ డిస్కు మీద పడేదాకా ఆగేది. ఆ కాలపు డిస్కులో ఒక్కో రాతకు సుమారు 10 మిల్లీసెకన్లు పట్టేదనుకుంటే, వెయ్యి ఫైళ్లకు 2,000 రాతలు, 20 సెకన్లు. లినక్స్ వాడిన ఈఎక్స్‌టీ2 ఫైల్ సిస్టమ్ ఆ రాతలను మెమరీలో ఉంచుకుని, పని అయిపోయిందని చెప్పేసి, తీరిక చూసుకుని డిస్కుకు పంపేది. ఆ తీరిక దొరికేలోపు కరెంటు పోతే డైరెక్టరీల పొందిక దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అంటే ఒకరు కరెంటు పోయినా చెదరకూడదని ఆగారు, మరొకరు పోదులే అనుకుని పరుగెత్తారు. పట్టికలో మాత్రం ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా కనిపించింది.

ఈ తేడా తర్వాత చెరిగిపోయింది. రాతల క్రమాన్ని మెమరీలోనే కాపాడే సాఫ్ట్ అప్‌డేట్స్ పద్ధతి 1999 నాటికి బీఎస్‌డీలోకి వచ్చింది. ముందు చిట్టా రాసుకుని తర్వాత అసలు మార్పు చేసే ఈఎక్స్‌టీ3 2001లో లినక్స్‌లో చేరింది. నెట్‌వర్క్‌లో లినక్స్ వెనకబాటూ పోయింది. కానీ "లినక్స్‌కి ఫైళ్లు, బీఎస్‌డీకి నెట్‌వర్కు" అన్న నానుడి మాత్రం పరీక్షించిన కోడు మాయమయ్యాక కూడా ఏళ్లపాటు నడిచింది. ఈ రంగంలో అంకెకన్నా దాని కీర్తికే ఆయుష్షు ఎక్కువ.

లాకుల దశాబ్దం

ఒకటికన్నా ఎక్కువ ప్రాసెసర్లున్న యంత్రాలు చవకయ్యాక పోటీ స్వరూపం మారింది. లినక్స్ 1996లో 2.0తో బహుళ ప్రాసెసర్లను వాడుకోవడం మొదలుపెట్టినా, కెర్నెల్ మొత్తానికీ ఒకటే పెద్ద లాకు. ఒక ప్రాసెసర్ లోపలుంటే రెండోది బయట ఆగాల్సిందే. ఫ్రీబీఎస్‌డీలో ఇలాంటి లాకుకు పేరే జెయింట్.

1999లో మైండ్‌క్రాఫ్ట్ సంస్థ, మైక్రోసాఫ్ట్ ఖర్చుతో, నాలుగు ప్రాసెసర్ల సర్వరు మీద పరీక్షలు చేసి విండోస్ ఎన్‌టీ లినక్స్ కన్నా ఫైల్ సర్వరుగా 2.5 రెట్లు, వెబ్ సర్వరుగా 3.7 రెట్లు వేగమని ప్రకటించింది. డబ్బిచ్చినవారెవరో తెలియగానే దుమారం రేగింది, అది సబబే. లినక్స్ నిపుణుల ప్రమేయంతో మళ్లీ చేయించిన పరీక్షలోనూ ఎన్‌టీయే గెలిచింది. తేడా తగ్గింది కానీ పోలేదు. లోపలికి చూస్తే కారణాలు కనిపించాయి: నెట్‌వర్క్ కోడు ఒకేసారి ఒకే ప్రాసెసర్ మీద నడవడం, ఒక్క కనెక్షన్ వస్తే ఎదురుచూస్తున్న ప్రాసెస్‌లన్నీ ఒక్కుమ్మడిగా నిద్రలేవడం. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4లో వీటిలో చాలావరకు సరిచేశారు. పెద్ద లాకు ఆఖరి ఆనవాళ్లు పోవడానికి 2011 దాకా పట్టింది. ఉద్దేశం మీద అనుమానం ఉన్నంత మాత్రాన కొలత అబద్ధం కానక్కర్లేదని మైండ్‌క్రాఫ్ట్ ఉదంతం చెబుతుంది. లినక్స్ వర్గం ఆ ఏడాది చేసిన మంచి పని, అరిచినవాళ్లు అరుస్తున్నా లోపాన్ని ఒప్పుకుని దిద్దుకోవడం.

2003 అక్టోబరులో ఫెలిక్స్ ఫోన్ లైట్నర్ ప్రచురించిన పరీక్షలు దాయాదులందరినీ ఒకేచోట నిలబెట్టాయి. ఆయన వెతికింది ఒక్కో పనికి పట్టే సమయం మాత్రమే కాదు, పని పెరిగేకొద్దీ ఆ సమయం ఎలా పెరుగుతోందన్నది. ఉదాహరణకు కొత్త సాకెట్ తెరిస్తే, వాడకంలో లేని అతి చిన్న అంకెనే దానికి ఇవ్వాలని యునిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ నియమం. ఆ అంకెను మొదటినుంచి వరుసగా వెతికే కెర్నెల్‌కు పదివేలవ సాకెట్ దగ్గర పదివేల అడుగులు పడతాయి. ఖాళీలను బిట్లలో గుర్తుపెట్టుకునే కెర్నెల్‌కు ఆ బాధ ఉండదు. అప్పటికి ఇంకా పూర్తిగా విడుదల కాని లినక్స్ 2.6 అన్ని పరీక్షల్లోనూ గీత పైకి లేవకుండా నిలిచింది. ఫ్రీబీఎస్‌డీ 5.1 దగ్గర్లోనే ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ బాగా వెనకబడింది. మొదటి విడతలో వెనకబడ్డ నెట్‌బీఎస్‌డీ డెవలపర్లు కొద్ది వారాల్లోనే దిద్దుబాట్లు చేసి, తిరిగి పరీక్షించినప్పుడు ఫ్రీబీఎస్‌డీ సరసకు చేరారు. బిల్ జాయ్ నమూనా మళ్లీ పనిచేసింది.

ఫ్రీబీఎస్‌డీ జెయింట్ లాకును విడగొట్టే పని 2003 జనవరిలో వచ్చిన 5.0తో బయటపడి ఐదేళ్లు సాగింది. ఆ మధ్య విడుదలలు పాత 4 వరుసకన్నా నెమ్మదని వాడేవాళ్లే ఫిర్యాదు చేశారు. ఆ దారే తప్పని నమ్మిన మాథ్యూ డిల్లన్ విడిపోయి డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ మొదలుపెట్టారు. 2008 ఫిబ్రవరిలో 7.0 వచ్చినప్పుడు, బాగా నడిచిన లినక్స్ కెర్నెల్‌తో పోల్చినా తమది 15 శాతం వేగమని ప్రాజెక్టు ప్రకటించుకుంది. అందుకు ఆధారమైనవి ప్రధానంగా డేటాబేస్ పరీక్షలు. లినక్స్ వైపు వెతికినవాళ్లకు దొరికిన ముఖ్య కారణాల్లో ఒకటి కెర్నెల్‌లో లేదు. గ్నూ సి లైబ్రరీ మెమరీ ఇచ్చే తీరు వల్ల థ్రెడ్లన్నీ కెర్నెల్‌లోని ఒకే లాకు దగ్గర గుమిగూడుతున్నాయి. ఫ్రీబీఎస్‌డీ 7.0లోనేమో జేసన్ ఎవాన్స్ రాసిన జెమాలోక్ అనే మెమరీ పంపిణీదారు వచ్చి చేరింది. రెండు కెర్నెల్‌ల పోటీగా ప్రచారమైన దానిలో పెద్ద భాగం రెండు మెమరీ పంపిణీదారుల పోటీ.

కొలిచేవాళ్లలో మూడు దారులు

మొదటి దారి కెర్నెల్ పనులను విడివిడిగా కొలవడం. ల్యారీ మెక్‌వాయ్, కార్ల్ స్టేలిన్ 1996లో విడుదల చేసిన ఎల్‌ఎంబెంచ్ దీనికి ప్రతినిధి. ఒక సిస్టమ్ కాల్‌కి ఎంత, ప్రాసెస్ మార్చడానికి ఎంత అని విడిగా చూపిస్తుంది. లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు, కానీ రోజువారీ పనిలో ఆ లోపం ఎంత నష్టం చేస్తుందో ఇది చెప్పదు. దీని పద్ధతిలోని లొసుగులను హార్వర్డ్‌కు చెందిన ఆరన్ బ్రౌన్, మార్గో సెల్ట్‌జర్ 1997లోనే ఎత్తిచూపి మెరుగైన రూపం ఇచ్చారు.

రెండో దారి నిజమైన పని ఇచ్చి చూడటం: డేటాబేస్, వెబ్ సర్వరు, కెర్నెల్‌నే కంపైల్ చేయడం. 1988లో ఏర్పడ్డ స్పెక్, టీపీసీ సంస్థల నియమావళి నుంచి నేటి ఫోరోనిక్స్ పరీక్షల దాకా ఇదే వరుస. వాడుకదారుకు దగ్గరైన దారి ఇది. అయితే ఫలితం ఎందుకలా వచ్చిందో చెప్పే బాధ్యత ఇందులో ఎవరి మీదా పడదు. 1980లలో మొదలైన యునిక్స్‌బెంచ్ ఈ రెండు దారుల కలగాపులగం. ప్రాసెసర్ లెక్కల వేగాన్ని, కెర్నెల్ పనులను కలిపి ఒకే అంకెగా ఇస్తుంది. ఆ అంకెకు ప్రమాణం సొలారిస్ 2.3 నడిపిన ఒక పాత స్పార్క్‌స్టేషన్ 20. క్లౌడ్ సర్వర్లను ఇప్పటికీ ఈ అంకెతో బేరీజు వేయడం చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే అందులో కొంత భాగం కంపైలర్ పరీక్షే.

మూడో దారి ఫలితానికి కారణం చూపనిదే కొలతను ఒప్పుకోనిది. 2005లో సొలారిస్ 10తో వచ్చిన డీట్రేస్ దీనికి ప్రాణం పోసింది. నడుస్తున్న కెర్నెల్ లోపలికి తొంగిచూసి సమయం ఏ ఫంక్షన్‌లో పోతోందో చెప్పడం అప్పటినుంచి సాధ్యమైంది. లినక్స్ ఏదైనా పనిలో వేగంగా ఉంటే దాన్ని సొలారిస్ లోపంగా నమోదు చేసుకోవాలన్నది సొలారిస్ తయారుచేసిన సన్ కంపెనీలో ఆనాటి ఇంజనీర్ల నియమం. ఆ సంప్రదాయంలో ఎదిగిన బ్రెండన్ గ్రెగ్, పరీక్ష నడుస్తుండగానే అది అసలు దేనిమీద ఆగుతోందో విశ్లేషించాలని పట్టుబడతారు. ఈ మూడింటిలో నిలబడేది మూడో దారే. అయితే దానికి కావలసిన ఓపిక, నైపుణ్యం ఎక్కువ కాబట్టి ఆ దారిలో వచ్చే పోలికలు తక్కువ.

కెర్నెల్ ఖాతాలో పడే పరాయి లెక్కలు

సిస్టమ్ కాల్ వేగం చూడాలంటే చాలామంది ప్రాసెస్ నంబరు చెప్పే గెట్‌పిడ్ కాల్‌ను లక్షల సార్లు పిలుస్తారు. 2017లో మానేసేదాకా గ్నూ సి లైబ్రరీ ఆ జవాబును ఒకసారి తెచ్చుకుని దాచుకునేది. రెండోసారి నుంచి కెర్నెల్ గడప తొక్కేదే కాదు. అలాంటి పరీక్షలో లినక్స్ అద్భుతంగా కనిపించేది, కొలిచింది మాత్రం మెమరీలోంచి ఒక అంకె చదవడాన్ని.

గడియారం కథ ఇంకా లోతైనది. డేటాబేస్‌లు టైమ్ ఎంతైందని లెక్కలేనన్ని సార్లు అడుగుతుంటాయి. ప్రాసెసర్‌లోనే ఉన్న కౌంటర్‌ను నేరుగా చదివితే కొన్ని పదుల నానోసెకన్లలో పనైపోతుంది. కెర్నెల్‌లోకి వెళ్లి మదర్‌బోర్డు మీది ఏసీపీఐ టైమర్‌ను అడగాల్సి వస్తే మైక్రోసెకను దాకా పట్టవచ్చు. లినక్స్‌లో మొదటి దారి ముందే ఉంది, ఫ్రీబీఎస్‌డీలోకి 2012 తర్వాత వచ్చింది. అంతకుముందు జరిగిన డేటాబేస్ పోలికల్లో కొంత తేడా ఈ గడియారానిదే. అద్దె సర్వర్ల కాలంలో లినక్స్‌కూ ఇదే దెబ్బ తగిలింది. జెన్ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే క్లౌడ్ యంత్రాల్లో నెమ్మది గడియారం ఎంపికై ఉంటే, ఒక్క సెట్టింగు మార్చగానే అప్లికేషన్ తేరుకున్న సందర్భాలున్నాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో గడియారాన్ని పరీక్షించేందుకే ఒక చిన్న సాధనం చేర్చి ఇస్తారు.

కంపైలర్ మరో దొంగలెక్క. లైసెన్సు కారణాల వల్ల ఫ్రీబీఎస్‌డీ ఏళ్లపాటు పాత జీసీసీ 4.2.1తోనే ఉండి, 2014లో 10.0 నాటికి క్లాంగ్‌కు మారింది. ఆ కాలపు పోలికల్లో లెక్కల పరీక్షల ఫలితాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అంటగట్టడం అన్యాయం. ఫ్రీబీఎస్‌డీ అభివృద్ధి శాఖ కెర్నెల్‌లో లోపాలు పట్టే తనిఖీలు మొదటినుంచీ పనిచేస్తూనే ఉంటాయి. వాటిని ఆపకుండా కొలిచి నెమ్మదని రాసేస్తే అది కొలిచినవారి తప్పు.

ఇంతా జాగ్రత్త పడినా చాలదు. మైట్‌కోవిచ్, సహచరులు 2009లో చూపించింది గుర్తుంచుకోవాలి. యునిక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొత్తం నిడివి మారితే చాలు, స్టాక్ చోటు జరిగి, అదే ప్రోగ్రాము వేగం మారిపోతుంది. రెండు వ్యవస్థల మధ్య మూడు నాలుగు శాతం తేడాను పతాక శీర్షిక చేసేవాళ్లు ఈ పత్రం చదివి తీరాలి.

ఇప్పుడు ఎవరు ఎక్కడ

ఎక్కువ కోర్లు, కొత్త హార్డ్‌వేర్, కొత్త డిస్కులు ఉన్నచోట లినక్స్ ముందుంది. 2010లో ఎంఐటీ బృందం 48 కోర్ల మీద ఏడు అప్లికేషన్లు నడిపి, ఎదురైన అడ్డంకుల్లో చాలావరకు 3,002 వరుసల కోడు మార్పుతో తొలగించగలిగింది. పాత తరహా కెర్నెల్ ఇన్ని కోర్లకు పనికిరాదన్న వాదన దాంతో నీరసించింది. 2019లో చేరిన ఐఓ యూరింగ్ డిస్కు, నెట్‌వర్క్ పనులను ఒక్కోటికీ కెర్నెల్‌లోకి వెళ్లకుండా గుత్తగా అప్పజెప్పే దారి తెరిచింది. అదే లినక్స్ షెడ్యూలర్‌లో పని ఉండగానే కోర్లు ఖాళీగా కూర్చునే లోపాలున్నాయని 2016లో లోజీ బృందం బయటపెట్టింది. వాటి వల్ల ఒక వాణిజ్య డేటాబేస్ పరీక్షలో 14 నుంచి 23 శాతం నష్టం కనిపించింది. ప్రపంచమంతా వాడే కెర్నెల్‌లో ఇది ఏళ్లపాటు ఎవరి కంటా పడలేదు.

ఫ్రీబీఎస్‌డీ బలం ఒక పనికోసం కెర్నెల్‌ను మలచుకునే వీలులో ఉంది. నెట్‌ఫ్లిక్స్ లెక్క చూడండి. సెకనుకు 400 గిగాబిట్లంటే 50 గిగాబైట్లు. వీడియో డిస్కు నుంచి మెమరీలోకి వస్తుంది, ప్రాసెసర్ దాన్ని చదువుతుంది, ఎన్‌క్రిప్ట్ చేసి తిరిగి రాస్తుంది, నెట్‌వర్క్ కార్డు తీసుకుంటుంది. అదే సరుకు మెమరీ గడపను నాలుగుసార్లు దాటుతోంది, అంటే సెకనుకు 200 గిగాబైట్లు. ఆ సర్వరు మెమరీ అంత మోయలేదు. ఎన్‌క్రిప్షన్‌ను నెట్‌వర్క్ కార్డుకే అప్పగించడంతో నాలుగు రెండైంది. ఇక్కడ గెలిపించింది కెర్నెల్ పేరు కాదు, డేటా నడిచే దారిని అంగుళం అంగుళం తెలుసుకున్న ఇంజనీర్లు. అదే సంస్థ క్లౌడ్‌లో నడిపే పనులకు లినక్స్ వాడుతుంది. 2012లో ఒక్క ఫ్రీబీఎస్‌డీ సర్వరు మీద 20 లక్షల కనెక్షన్లు నిలిపిన వాట్సాప్ కూడా, ఫేస్‌బుక్ చేతికి వెళ్లాక లినక్స్‌కు మారింది.

ఓపెన్‌బీఎస్‌డీ ఈ పందెంలో పాల్గొనడానికి పుట్టలేదు. కెర్నెల్ లాకును ఇంకా అంచెలంచెలుగా విడగొడుతోంది, భద్రత కోసం తెలిసే వేగం వదులుకుంటుంది. నెట్‌బీఎస్‌డీ అనేక రకాల యంత్రాల మీద నడవడాన్నే గొప్పగా భావిస్తుంది. 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్లాక సొలారిస్ వారసత్వం ఇల్లుమోస్‌లో కొనసాగుతోంది. దాని డీట్రేస్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ దాయాదుల్లో కొందరి ఇళ్లలోనూ చేరాయి.

తేలనివి

డీఫాల్ట్ సెట్టింగులతో పోల్చాలా, నిపుణులతో చెక్కించి పోల్చాలా అన్నది మొదటి పేచీ. లై, బేకర్ మొదటిదాన్ని ఎంచుకున్నారు, ఎక్కువమంది వాడేది అలాగే కాబట్టి. మైండ్‌క్రాఫ్ట్ మీద లేచిన ప్రధాన ఆరోపణ ఎన్‌టీని చెక్కి, లినక్స్‌ను సరిగా చెక్కలేదనే. రెండు పట్టికలూ పక్కపక్కనే వేయడం తప్ప దీనికి నిజాయితీ గల మార్గం కనిపించదు.

రెండోది, డేటా నిజంగా డిస్కు మీద పడిందా అన్నది. ఎఫ్‌సింక్ అనే కాల్ అన్నిచోట్లా ఉంది, అర్థం ఒకటి కాదు. మ్యాక్‌ఓఎస్‌లో మామూలు ఎఫ్‌సింక్ డేటాను డ్రైవ్‌కు చేరుస్తుంది కానీ డ్రైవ్ లోపలి కాష్ ఖాళీ అయ్యేలా చూడదు. అందుకు వేరే కాల్ పిలవాలి. లినక్స్‌లో రాత విఫలమైతే ఎఫ్‌సింక్ ఒకసారి తప్పు చెప్పి, ఆ పేజీలను రాసేసినట్టే లెక్కగట్టేదని 2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు గుర్తించి నివ్వెరపోయారు. ఫ్రీబీఎస్‌డీ అలాంటి పేజీలను రాయాల్సినవిగానే ఉంచుకునేది. 1996 నాటి ఐనోడ్ తేడానే ఇది మరో రూపంలో. డేటాబేస్ రాతల వేగాన్ని పోల్చే ఏ పట్టికైనా కరెంటు తీసేసి, తిరిగి పెట్టి, ఏం మిగిలిందో కూడా చూపించాలి.

మూడోది అన్నిటికన్నా బరువైనది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడ్డాక ప్రతి సిస్టమ్ కాల్ ఖరీదు పెరిగింది. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో లినక్స్ 3.0 నుంచి 4.20 దాకా కొలిచి, చాలా మూల పనులు మెరుగవడం అటుంచి నెమ్మదించాయని చూపారు. తేలిన 11 కారణాల్లో భద్రతా మార్పులు, కొత్త సదుపాయాలు, సెట్టింగుల పొరపాట్లు ఉన్నాయి. వాటిని తప్పిస్తే రెడిస్ డేటాబేస్ పరీక్ష 56 శాతం దాకా వేగం పుంజుకుంది. ఆ రక్షణలన్నీ ఒక్క మాటతో ఆపే స్విచ్ ఇప్పుడు లినక్స్‌లో ఉంది, దాన్ని వాడి అంకెలు ప్రకటించేవాళ్లూ ఉన్నారు. ఓపెన్‌బీఎస్‌డీ 2018 జూన్‌లో ఇంటెల్ హైపర్‌థ్రెడింగ్‌నే డీఫాల్ట్‌గా ఆపేసింది. అలాంటి ప్రాసెసర్‌లో లినక్స్‌కు ఎనిమిది థ్రెడ్లు కనిపిస్తే ఓపెన్‌బీఎస్‌డీ నాలుగింటితోనే పనిచేస్తుంది. ఈ రెండింటి అంకెలను ఒకే పట్టికలో వేయవచ్చా, వేస్తే ఏ షరతుతో వేయాలి, ఆ షరతును సర్వరు అద్దెకు తీసుకునే మనిషికి ఎవరు చెప్పాలి అన్నదాని మీద పరీక్షలు చేసేవాళ్ల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.